ఫ్రేముకి అడ్డొచ్చిన ఊరు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి మా కాకినాడ తీరంలో వెలుగు మారిపోతుంది. వేసవిలో పొద్దు పొడిచిన కాసేపటికే ఎండ తెల్లగా, మొండిగా మీద పడుతుంది. డిసెంబరులో సముద్రం మీద పలచటి మంచుతెర ఉంటుంది. దాని వెనకనుంచి వచ్చే సూర్యుణ్ణి కళ్లు చికిలించకుండా చూడొచ్చు. తూర్పుకి తిరిగి నిలబడితే జూన్‌లో ఎడమచేతి వైపు పొడిచే సూర్యుడు డిసెంబరు నెలాఖరుకి కుడిచేతి వైపుకి జరిగిపోతాడు. ఆ రెండు చోట్లకీ మధ్య దాదాపు 50 డిగ్రీల దూరం. ఉప్పాడ దగ్గర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి, ఆగ్నేయానికి జరిగిన శీతాకాలపు సూర్యుడు ఇంచుమించు కెరటాలకి నడిమధ్యన పైకొస్తాడు. తడి రాళ్ల మీద ఆ ఎర్రటి వెలుగు పడుతుంటే ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది.

ఇంకేమీ అక్కర్లేదనుకోవడమే నా తెలివితక్కువతనం. దాన్ని చాలాకాలం అభిరుచి అనుకున్నాను. ఈ సంగతి ఒకరికి ముఖాముఖి చెప్పాల్సి ఉండగా చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు గుడిస సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే నాకు బుద్ధి రావాల్సింది. మారేడుమిల్లి నుంచి అడవిదారిలో జీపెక్కి వెళితే కొండమీద గడ్డి మైదానం వస్తుంది, అదే గుడిస. చలికాలంలో తెల్లవారుజామున అక్కడ నిలబడితే కాళ్ల కింద లోయంతా తెల్లటి మబ్బుతో నిండి ఉంటుంది, దూరంగా కొండ కొసలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. దాని ఫొటో తీయాలని వెళ్లాను. ఫోన్లో వాతావరణం చూసుకున్నాను. చలి ఉందంది, గాల్లో తేమ ఉందంది, గాలి లేదంది. అన్నీ కలిసొచ్చాయనుకున్నాను. రాత్రి జీపు డ్రైవరు ఆకాశం వంక చూసి, "చుక్కలు కనపడట్లేదండీ. రేపు మంచు పడదు. ఎల్లుండి ఎక్కుదాం" అన్నాడు. ఆ కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. నేను వినలేదు. ఫోన్లో అంకెలు చూపించాను. ఆయన మారు మాట్లాడకుండా తెల్లవారుజామున బండి తీశాడు.

పైకి వెళ్లేసరికి లోయ ఖాళీగా ఉంది. బూడిదరంగు ఆకాశం, కింద అడవి, అంతే.

డ్రైవరు చెప్పినదాంట్లో ఉన్న శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి నిలుస్తుంది. అందులోని తేమే పొగమంచు అవుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉండటంతో అది పొద్దెక్కేదాకా కదలదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మిందంటే ఆ వేడి బయటికి పోదు, రాత్రి వెచ్చగా ఉంటుంది, మంచు పుట్టదు. చుక్కలు కనపడలేదు అన్న ఒక్క మాటలో ఇదంతా ఉంది. ఆయనకి తెలిసిన వాతావరణం నాకు అక్కర్లేకపోయింది. ఆయన నాకు బండి నడిపే మనిషి, అంతే.

మరోసారి మంచు బాగా పడింది. అప్పుడూ పాడుచేసుకున్నాను, కాకపోతే అది చిన్న తప్పు. కెమెరా మీటరు ఎదురుగా ఉన్నది ఏదైనా నడిరకం బూడిదరంగు అనే లెక్కలో వెలుగు కొలుస్తుంది. తెల్లటి మంచుని అలాగే వదిలేస్తే మురికి గుడ్డ రంగులో వస్తుంది. ఎక్స్‌పోజరుని ఒకటి, ఒకటిన్నర స్టాపులు పైకి పెంచాలి. హిస్టోగ్రాం కుడివైపుకి జరగాలి, అలాగని అంచుకి గుద్దుకోకూడదు. ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. ఏసీ గదిలోంచి కెమెరాని తిన్నగా సముద్రపు గాలిలోకి తెస్తే లెన్సుకి ఆవిరి పడుతుందని, చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుందని, తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు లోతుగా గుచ్చకపోతే వెనక్కి వెళ్లే కెరటం కింద ఇసుకని తోడేస్తుందని, ఉప్పు తుంపర పడ్డ అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. ఇవి దిద్దుకోగలిగినవి.

దిద్దుకోలేనిది ఉప్పాడలో చేశాను.

నా ఫొటోల్లో మనుషులు ఉండకూడదని నాకొక పట్టుదల ఉండేది. విదేశీ ఫొటోగ్రాఫర్ల పుస్తకాల్లో చూసిన తీరాలన్నీ ఖాళీగా ఉండేవి. రాయి, నీరు, ఆకాశం. అదే గొప్ప అనుకున్నాను. మరి ఉప్పాడ తీరం తెల్లవారేసరికి సంత. రాత్రి వేటకెళ్లిన పడవలు ఒడ్డుకొస్తుంటాయి, ఆడవాళ్లు గంపలు పెట్టుకుని చేపల వేలంపాట పాడుకుంటుంటారు, పిల్లలు తాళ్లు లాగుతుంటారు. నాకు కావాల్సిన రాళ్లు సరిగ్గా ఆ దారిలోనే ఉండేవి. "కాస్త పక్కకి జరుగుతారా" అని అడిగేవాణ్ణి. ఒక్కరు కూడా విసుక్కోలేదు. "బాబు పొటో తీసుకుంటన్నాడ్రా, ఇటు రండి" అని ఒకరినొకరు పిలుచుకుని, భుజాన తడిసిన వల మోసుకుంటూ రాళ్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవారు. తడిసిన వల ఎంత బరువుంటుందో నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

తర్వాత అడగాల్సిన పని కూడా లేకుండా పోయింది. పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు కొన్నాను. నల్లటి గాజు బిళ్ల, వెలుగుని వెయ్యోవంతుకి తగ్గిస్తుంది. మామూలుగా సెకనులో 30వ వంతు సరిపోయేచోట అర నిమిషం పైగా షట్టరు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో ఎగిసి విరిగే కెరటాలన్నీ కలిసిపోయి రాళ్ల మీద పొగలా పరుచుకుంటాయి. కదిలే మనుషులు కూడా అంతే. ఫ్రేములోంచి నడుచుకుంటూ వెళ్లిన మనిషి అసలు నమోదే కాడు. గంప దించి మళ్లీ ఎత్తుకున్న ఆవిడ లేత నీడలా మిగిలితే, ఇంటికొచ్చి కంప్యూటర్లో ఆ నీడ మీద పక్కనున్న ఇసుకని అతికించేవాణ్ణి. పడవ ముక్కు, తాటాకు కప్పు అంచు, కరెంటు స్తంభం, అన్నీ అలాగే పోయేవి. జనంతో కిటకిటలాడే ఊరి ముందు నిలబడి, మనిషి అడుగు పడని తీరాన్ని తయారుచేశాను. చూసినవాళ్లు "ఇది మన ఉప్పాడేనా?" అని ఆశ్చర్యపోయేవారు. దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. నిజానికి అది సరైన ప్రశ్న.

వాతావరణం విషయంలోనూ అంతే. ముసురు పట్టిందంటే ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. వాన వెలిసి మబ్బు విడిపోయే ఆ కాస్త సమయంలో వచ్చే వెలుగుకి సాటి వచ్చేది లేదని ఇప్పుడు చెప్పగలను. మంచి బొమ్మలన్నీ వాతావరణం మారే అంచున దొరుకుతాయి. నేను కోరుకున్నది మాత్రం మచ్చలేని ఆకాశం, లేదంటే ఏకంగా తుపాను.

తుపాను దొరికింది. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. ముందురోజు ఆదివారం. బీచ్ రోడ్డు మూసేసేలోపు అక్కడ ఉండాలని పొద్దున్నే బయల్దేరాను. సముద్రం అప్పటికే బాగా పోటు మీదుంది. కెరటం రాళ్లకట్టకి కొట్టుకుని తాటిచెట్టంత ఎత్తు లేచి రోడ్డు మీద పడుతోంది. రోడ్డుకి ఇవతల ఇళ్లవాళ్లు సామాను బయటికి తెస్తున్నారు. బియ్యం బస్తా, టీవీ, గ్యాసు బండ, పసిపిల్ల ఉయ్యాల. నేను కెమెరాకి ప్లాస్టిక్ కవరు కట్టుకుని, షట్టరు మీద వేలు పెట్టుకుని, పెద్ద కెరటం కోసం చూస్తున్నాను. ఒక పెద్దాయన మంచం ఒకవైపు పట్టుకుని రెండోవైపు ఈడ్చుకొస్తూ నన్ను చూసి, "బాబూ, ఓ చెయ్యెయ్యి" అన్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాను.

అప్పుడే దూరంగా నీటి గోడ ఒకటి లేచింది. అది వచ్చి పడేదాకా ఆగాను. కెరటం పడింది, ఫొటో వచ్చింది. వెనక్కి తిరిగేసరికి ఎవరో కుర్రాడు వచ్చి మంచం రెండోవైపు ఎత్తాడు, ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ ఫొటో చాలాకాలం మా ఇంటి గోడకి ఉండేది. చూసినవాళ్లకి దాని గురించి షట్టరు వేగం, ఎపర్చరు చెప్పేవాణ్ణి. మంచం సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక పెద్దావిడ ఒడ్డున నా దగ్గరికొచ్చింది. నేను వాళ్లకి కొత్త కాదు. చలికాలం వస్తే మూడు కాళ్ల స్టాండు వేసుకుని నిలబడే మనిషిగా ఎరుగుదురు.

"బాబూ, నువ్విక్కడ ఎప్పటినుంచో పొటోలు తీస్తన్నావు కదా. మా ఇల్లు ఎక్కడన్నా పడిందేమో సూడు బాబూ" అంది.

ఇల్లు ఎక్కడుండేదో చెయ్యి చాచి చూపించింది. ఆ చెయ్యి సముద్రం వైపు ఉంది. ఉప్పాడలో ఇల్లు ఒక్కసారిగా పోదు. ఒక అమావాస్య పోటుకి వెనక గోడ బీటలిస్తుంది, ఇంకో పున్నమికి వంటచోటు జారిపోతుంది, తుపాను వచ్చిననాడు గుమ్మం పోతుంది. ఆవిడ ఇల్లు అలాగే పోయింది. తర్వాత భర్త పోయాడు. పెళ్లి ఆల్బం ఉప్పునీళ్లలో తడిసి అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొడుకు ఫోన్లో ఉన్నవి ఫోనుతోపాటే సముద్రంలో పోయాయి. "మా ఆయన గుమ్మంలో కూకుని వల బాగుసేసుకునేవోడు. నీ పొటోల్లో పడే ఉంటాడు" అంది. అంత నమ్మకంగా ఎలా అనగలిగిందంటే, ఏళ్ల తరబడి నేను నిలబడేది వాళ్ల గుమ్మానికి ఎదురుగానే.

ఇంటికొచ్చి హార్డ్ డిస్కులన్నీ తీశాను. ఆ చోటులో తీసినవి వందల్లో ఉన్నాయి. సూర్యోదయం, మబ్బు, నురుగు, మళ్లీ సూర్యోదయం. ఇల్లు లేదు. చోటు చాలక 'పాడైన' ఫ్రేములన్నీ ఎప్పటికప్పుడు తుడిచేసేవాణ్ణి. మనిషి పడ్డ ఫ్రేము నా లెక్కలో పాడైన ఫ్రేమే. ఊళ్లో ఏదో ఒక ముక్క కనిపిస్తుందేమోనని అంచులు పెద్దవి చేసి చూశాను. అంచులన్నీ నేనే కత్తిరించాను.

చివరికి ఒకటి దొరికింది. ఫిల్టరు బిగించకముందు ఫోకస్ చూసుకోవడానికి తీసిన ఫ్రేము, మరిచిపోయి తుడవలేదు. వంకరగా ఉంది, గరుకుగా ఉంది. ఎడమ అంచున సగం ఇల్లు. తాటాకు కప్పు, నీలం రంగు తలుపు, గుమ్మంలో కూర్చున్న మనిషి. కాళ్లు చాపుకుని, వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చేతిలో నూలుకండె పట్టుకుని తెగిన కళ్లు అల్లుకుంటున్నాడు. వేళ్లు, దారం, మోకాలి మీద చినిగిన లుంగీ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. భుజాల దగ్గర ఫ్రేము అయిపోయింది. ముఖం లేదు. దాని తర్వాతి ఫైలు, కాసేపటికి తీసింది, నా ఖాళీ తీరం. ఆ మధ్యలో నేనేం చేశానో చూడగానే తెలిసిపోయింది. ఇల్లు అడ్డొస్తోందని ట్రైపాడ్‌ని కుడివైపుకి జరిపాను. ఎడమవైపుకి జరిపి ఉంటే ఆయన ముఖం ఉండేది.

ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది. బొటనవేలు మీద వేలు పెట్టి, "కాళ్లు ఆయనయ్యే" అంది. తర్వాత ఫొటోని వెనక్కి తిప్పింది, మిగతాది అటువైపు ఉందేమో అన్నట్టు. "మొకం రాలేదా బాబూ?" అని అడిగింది.

"రాలేదమ్మా" అన్నాను.

కెమెరాదే తప్పన్నట్టు చెప్పాను. ఆవిడ నమ్మింది. "ఇదన్నా వచ్చింది, పోన్లే" అని నాకే ధైర్యం చెప్పి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. మీ ఇల్లు నా బొమ్మకి అడ్డమని నేనే పక్కకి జరిపానమ్మా అనే మాట గొంతులోంచి బయటికి రాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు చెప్పాలనుకున్నాను. అప్పటికి ఆవిడ కూతురి ఊరికి వెళ్లిపోయింది. నేను చెప్పుకోవాల్సిన తెలివితక్కువతనం ఇదే. మంచానికి చెయ్యి వేయనిదానికంటే, గుడిసలో మాట విననిదానికంటే, ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆ తర్వాతే ఉప్పాడ తీరం ఎందుకు కోసుకుపోతోందో చదవడం మొదలుపెట్టాను. ఒడ్డున ఉండే ఇసుక ఒకచోట నిలిచేది కాదు, కెరటాలు దాన్ని తీరం వెంబడి నడిపిస్తూనే ఉంటాయి. నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. పోయిన ఇసుక స్థానంలోకి నది కొత్త ఇసుక తెచ్చిపోస్తేనే ఒడ్డు నిలుస్తుంది. గోదావరి మీదా దాని ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలు, జలాశయాల వెనక ఆ ఇసుక చాలా మటుకు ఆగిపోతోంది. గోదావరి ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున కాకినాడ రేవుకి అడ్డుగోడలా ఉండి కెరటాలని ఆపుతుంది. దాని కొస దాటాక ఉన్న ఉప్పాడకి ఆ చాటు లేదు. పైగా ఆ ఇసుకదిబ్బ పెరిగేకొద్దీ కెరటాలు వంగి వచ్చే తీరు మారి, ఆ జోరంతా ఉప్పాడ వైపు మళ్లిందని పరిశోధకులు చెబుతున్నారు. రాళ్లకట్ట వేశారు, ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు. అవీ దెబ్బతిన్నాయి. కోనపాపపేట దాకా ఇదే కథ.

ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. ప్రతి చలికాలం అదే చోట నిలబడ్డవాణ్ణి. ఒక్క ఏడాదైనా కెమెరాని కాస్త వెనక్కి జరిపి, ఊరినీ సముద్రాన్నీ కలిపి తీసి ఉంటే, గుమ్మానికీ కెరటానికీ మధ్య దూరం ఏటా ఎంత తగ్గిందో ఎవరైనా చూసి చెప్పగలిగేవారు. ఉపగ్రహ చిత్రాల్లో తీరరేఖ జరగడం కనిపిస్తుంది. నీలం తలుపు కనిపించదు. ఆ తలుపు తీయగలిగిన చోట నిలబడి నేను నురుగు తీశాను.

ఇప్పుడు వెడల్పు లెన్సు వాడుతున్నాను. ముసురులోనూ వెళుతున్నాను. వేటకెళ్లేవాళ్లని రేపు గాలి ఎటు ఉంటుందని అడుగుతున్నాను, వాళ్లు వద్దంటే రాళ్ల మీదకి ఎక్కడం లేదు. తుపాను తర్వాత కెరటాలు కాసేపు నెమ్మదించి, హఠాత్తుగా వరసపెట్టి పెద్దవి వస్తాయని నాకు చెప్పింది వాళ్లే. ఫొటో వెనక తేదీ, చోటు, ఇంటివాళ్ల పేరు రాస్తున్నాను. ముందు మనిషిని అడిగి, తర్వాతే తీస్తున్నాను. చాలామంది నవ్వుతూ గుమ్మంలో నిలబడతారు.

ఇది చదివేవాళ్లలో ఉప్పాడకో, కోనపాపపేటకో, ఆ పక్కన సుబ్బంపేటకో ఎప్పుడైనా సరదాగా వెళ్లి ఫొటోలు దిగినవాళ్లు ఉంటారు. మీ వెనకాల పొరపాటున ఎవరిదో ఇల్లు పడి ఉంటుంది, ఎవరో వల బాగుచేసుకుంటూ ఉంటారు. అవి పాడైన ఫొటోలని తుడిచేయకండి. తీసి చూడండి, కాగితం మీద ప్రింటు వేయించండి, ఈసారి వెళ్లినప్పుడు పట్టుకెళ్లి ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్లకి చూపించండి. అది ఎవరి ఇల్లో వాళ్లు గుర్తుపడతారు.